కట్టినవాడే విప్పాలి

బుచ్చిరెడ్డిపాలెంలో ఒక ఆడపిల్లల హాస్టల్ డాబా మీద, సోలార్ హీటరు ట్యాంకుకు నీళ్ళు ఎక్కే పైపు వాల్వుకు, నా పాత ఎర్ర చీర పీలిక ఒకటి కట్టి ఉండేది. కట్టింది మా ఆయన. ఆయన పోయాక ఎండాకాలం గడిచింది, వానలు గడిచాయి, చలి మొదలైంది, పీలిక మాత్రం అక్కడే ఉంది. మా పనివాళ్ళు పాత ట్యాంకు తీసేసి కొత్తది బిగించి వచ్చారు గాని వాల్వు జోలికి పోలేదు. పిల్లలు చన్నీళ్ళు పోసుకొని వణుకుతున్నారు, ఆ గుడ్డ ముక్క తీసి వాల్వు తిప్పడానికి మీకు ముహూర్తం కావాలా అని వార్డెనమ్మ ఫోనులో గదమాయించింది. మామూలుగా అయితే నేను ఒకటికి రెండు అంటించి పెట్టేదాన్ని. ఆ రోజు, చేయిస్తానమ్మా అని ఫోను పెట్టేశాను.

ఆ పీలికను విప్పాల్సింది నేను. అది మా పనివాళ్ళందరికీ తెలుసు. అందుకే వాళ్ళు ఎదురు చూశారు. నేను విప్పలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే మా పని గురించి కొంత చెప్పాలి.

మాది నెల్లూరులో ప్లంబింగ్ కాంట్రాక్టు. ముందు గదిలో పైపులు, వెనక గదిలో మేము. ఇళ్ళకూ హాస్టళ్ళకూ పైపులు వేస్తాం, గీజర్లూ సోలార్ హీటర్లూ బిగిస్తాం, ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఆవిరి పైపులు బాగుచేస్తాం, సముద్రం వైపు రొయ్యల ప్లాంట్లలో మోటార్లూ సంపులూ చూసుకుంటాం. మా ఆయనది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టి బతికే ఊరు. మా దగ్గర పనిచేసే ముగ్గురూ ఆ ఊరివాళ్ళే. అందరూ ఆయన్ని అన్నా అంటారు, నన్ను వదినా అంటారు. వాళ్ళలో ఒకతను మా ఆయన పినతల్లి కొడుకు, నాకు సొంత మరిది లెక్క. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు ఉన్న మనిషి. మిగతా ఇద్దరికంటే వాగుడు ఎక్కువ, పని కూడా ఎక్కువే.

నేను కొడవలూరు దగ్గర వరి పండించుకునే ఇంట్లో పుట్టాను. పెళ్ళికి ముందు ఒక బియ్యం మిల్లు ఆఫీసులో బిల్లులు రాసేదాన్ని. ఆవిరి పైపు బాగుచేయడానికి వచ్చిన మనిషి ఒకడు తడి కాళ్ళతో ఆఫీసులోకి నడిచి వస్తే కసిరాను. బయటికి పోయి, కాళ్ళు శుభ్రంగా తుడుచుకొని వచ్చి, మళ్ళీ తిట్లు తిన్నాడు. ఎందుకంటే తుడుచుకున్నది నా క్యారియర్ గుడ్డతో. ఆ మనిషినే చేసుకున్నాను. మా వాళ్ళు మూతి ముడిచారు, వాళ్ళ వాళ్ళూ ముడిచారు. పొలాల పిల్ల మన ఇంట్లో చేపల వాసన తట్టుకుంటుందా అని వాళ్ళత్త ఒకామె నా ముందే అంది. తట్టుకోవడం కాదు, ఇప్పుడు ఆ వాసన లేకపోతే నాకు అన్నం దిగదు.

ఎర్ర పీలిక సంగతి ఇది. ఆవిరి పైపు మీద పని చేసేముందు దానికి ఆవిరి వచ్చే వాల్వు మూసేస్తాం. ఎవడో వచ్చి, అరే మూసి ఉందే అని దాన్ని తిప్పాడంటే, పైపులో చెయ్యి పెట్టినవాడి చెయ్యి ఉడికిపోతుంది. ఒక మిల్లులో మా ఆయన కళ్ళముందే అలా జరిగిందట. ఆ మిల్లు నుంచి ఇంటికి వచ్చి అన్నం కూడా తినకుండా, బీరువాలో నా ఎర్ర చీర తీసి బర్రున చించాడు. పెళ్ళయిన కొత్తలో ఆయనే కొన్న చీర. అంచు కాస్త చివికింది గాని కట్టుకోవడానికి పనికొచ్చేదే. నేను ఇల్లు పీకి పందిరి వేశాను. ఆయన పీలికలన్నీ చుట్టి పనిముట్ల సంచిలో పెట్టుకొని, ఇకనుంచి వాల్వు మూసినవాడు దీన్ని కట్టాలి, కట్టినవాడే విప్పాలి, విప్పేముందు కింద ఉన్నవాళ్ళను పిలిచి జవాబు వినాలి అని అందరికీ చెప్పాడు.

మా మరిదికి ఇలాంటివి దొరికితే పండగే.

"కట్టినోడు అన్నానికి పోతే?" అన్నాడు.

"వచ్చిందాకా ఆగు."

"ఊరికి పోతే?"

"ఊర్నించి వచ్చిందాకా ఆగు."

చీర మీది కోపం ఇంకా తీరలేదు కాబట్టి నేను కూడా కల్పించుకున్నాను. "కట్టినోడు చస్తే?"

ఆయన నవ్వాడు. "అప్పుడు నువ్వు విప్పుదువులే."

అందరం నవ్వాం.

ఆయన కట్టే ముడి వలలు అల్లేవాళ్ళ ముడి. తెలియనివాళ్ళు లాగేకొద్దీ బిగుసుకుంటుంది. నాకు నేర్పించాలని చాలాసార్లు చూశాడు. నా చేతికి రాలేదు, నాకు ఓపికా లేదు. నువ్వు ఉండావు గదా కట్టడానికి, నాకెందుకు అనేదాన్ని.

పోర్టు దగ్గర ఒక కంపెనీలో ఆయన కొన్నాళ్ళు పైపు ఫిట్టరుగా చేశాడు. అక్కడ పనిలోకి దిగేముందు ప్రమాదాల గురించి క్లాసు చెప్పేవారట. తక్కినవాళ్ళు చివర్లో ఇచ్చే టీ, బిస్కెట్ల కోసం కూర్చుంటే ఈయన వినడానికి కూర్చున్నాడు. విన్నది అక్కడే వదిలేసి రాలేదు, మా ఇంటికి మోసుకొచ్చాడు. రోజూ పొద్దున్నే పనికి బయలుదేరేముందు, నేను ఇడ్లీలు పెడుతూ ఉంటే, ప్రశ్నలు మొదలుపెట్టేవాడు. ఈరోజు పోయే చోట ఎవరికన్నా ఏమన్నా అయితే ఏ గేటు గుండా బయటికి రావాల? ఆ గేటు తాళం ఎవరికాడ ఉండాది? దగ్గర్లో ఆస్పత్రి ఏది? ఫోన్లో చార్జింగు ఉండాదా? మా ట్రాలీ ఆటోను ఎక్కడ ఆపినా మూతి రోడ్డు వైపు ఉండాల్సిందే. లోపల ఎంత ఇరుకున్నా సరే, తిప్పి పెట్టిందాకా పని మొదలుపెట్టనిచ్చేవాడు కాదు.

"పొద్దున్నే ఆ పాడు మాటలేంది?" అని విసుక్కునేదాన్ని. "ఇడ్లీలు చల్లారిపోతాండాయి."

"పాడు మాటలు కాదు మే. పడవ ఎక్కేటప్పుడు ఒడ్డు యాడుందో చూసుకుంటాం గదా. ఇదీ అంతే."

ఆ ప్రశ్నలకు మా మరిది కొంటె జవాబులు చెప్పేవాడు. ఆస్పత్రి ఎందుకన్నా, వదిన కాఫీ తాగితే చచ్చినోడు కూడా లేస్తాడు అనేవాడు. ఇప్పుడు పొద్దున్నే ఇడ్లీలు వేడిగానే తింటారు. ఎవరూ ఏమీ అడగరు కాబట్టి తొందరగా అయిపోతుంది. నాకు ఆ ప్రశ్నలు కావాలి. చల్లారిపోయిన ఇడ్లీలు కావాలి.

సంపుల పని మొదలుపెట్టినప్పుడు ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. వాళ్ళ ఊళ్ళో తెల్లవారుజామున సరస్సు మీద మంచు దిగితే పక్క పడవ కూడా కనిపించదు. అప్పుడు ఒక పడవలోంచి "ఉండావా?" అని కేక వేస్తారు. అవతలి నుంచి "ఉండా" అని జవాబు వస్తుంది. జవాబు రాకపోతే వలలు వదిలేసి అటు తిరుగుతారు. అదే పద్ధతి ఆయన సంపుల దగ్గరికి తెచ్చాడు. లోపల దిగినవాడి నడుముకు తాడు ఉండాలి. పైన ఒక మనిషి కూర్చొని పిలుస్తూనే ఉండాలి. జవాబు రాకపోతే ఇంకేమీ చూడకుండా తాడు లాగేయాలి. ఎవరూ దిగకూడదు.

పైన మనిషి ఎవరనే దగ్గర గొడవ వచ్చింది. మా మరిది నేనుంటానన్నాడు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మీరెవురూ పనికిరారు. మనూళ్ళో ఎవుడన్నా నీళ్ళలో పడితే ఒడ్డున ఉండేవోడు ఏం చేస్తాడు? ముందు దూకుతాడు, తర్వాత చూసుకుంటాడు. మనకు పుట్టినప్పటి నించి అదే. ఈడ లోపలుండేది నీళ్ళు కాదురా, చెడిపోయిన గాలి. పడినోడి ఎనకాల దూకితే వాడూ పోతాడు, దూకినోడూ పోతాడు. ఊపిరి బిగబట్టడంలో మా గుక్క శానా పెద్దది అనుకుంటారేమో, గుక్క పట్టేది నీళ్ళలోనే. ఈడ బరువెత్తితే గుక్క నిలబడదు." అని నా వైపు చెయ్యి చూపించాడు. "దీనికి ఈత రాదు. మోకాటి లోతు నీళ్ళు చూస్తే వణుకుతాది. ఇది దూకదు. పైన ఇదే ఉండాల."

ముగ్గురు మగవాళ్ళ ముందు నన్ను పిరికిదాన్ని చేశాడని నాకు ఒళ్ళు మండింది. ఆ పూట చేపల పులుసు పెడతానని చెప్పి పప్పు పెట్టాను, అది కూడా తాలింపు లేకుండా. మారు మాట్లాడకుండా తిన్నాడు.

అలా నేను పైన మనిషినయ్యాను. తిరగేసిన పెయింటు డబ్బా మీద సంపు పక్కన కూర్చోవడం, పిలవడం, వినడం. మొదట్లో ఊరికే కూర్చోవడం ఎందుకని గోరుచిక్కుళ్ళు తీసుకుపోయి ఈనెలు తీస్తూ పిలిచేదాన్ని. ఆయన చూసి సంచీ లాక్కొని ట్రాలీలో పారేశాడు. పైన మనిషికి ఇంకో పని ఉండకూడదట. తర్వాత నాకే అలవాటైంది. లోపల్నుంచి వచ్చే ఆయన గొంతు ఇంట్లో వినే గొంతులాగా ఉండేది కాదు. లావుగా, చుట్టూ గోడలకు తగిలి మెల్లగా పైకి వచ్చేది. "ఉండావా?" "ఉండా." "ఉండావా?" "ఉండా మే, యాడికి పోతా." పోను పోను ఆ పిలుపు ఇంట్లోకి కూడా వచ్చేసింది. స్నానాల గదిలో ఎక్కువసేపు ఉంటే వంటింట్లోంచి పిలిచేదాన్ని. ఫోను చేస్తే హలో అనేదాన్ని కాదు. కరెంటు పోయినప్పుడు పక్కన పడుకున్న మనిషినే పిలిచేదాన్ని, ఆయన నిద్రమత్తులో ఉండా అనేవాడు. మొగుడూ పెళ్ళాలకు ఇంకా ఏవేవో మాటలు ఉంటాయంటారు. మాకు ఆ రెండు మాటలతో చాలా జరిగిపోయింది.

ఎండలు ముదరకముందు, హాస్టల్ డాబా మీద కారిపోతున్న ట్యాంకుకు వాల్వు మూసి పీలిక కట్టి వచ్చాడు. కొత్త ట్యాంకు రావడానికి టైం పడుతుందన్నారు. ఆ వారంలోనే మేము సముద్రం దారిలో ఒక రొయ్యల ప్లాంటుకు వెళ్ళాం. రొయ్యలు కడిగిన మురికి నీళ్ళు చేరే సంపులో మోటారు ఇరుక్కుపోయింది. అన్నీ పద్ధతి ప్రకారమే చేశాం. మూత ముందుగానే తీయించాడు. లోపలికి గాలి కొట్టే ఫ్యాను పెట్టాడు. ట్రాలీ మూతి రోడ్డు వైపు తిప్పించాడు. వెనక గేటు తాళం తీయించి, సూపర్‌వైజరును అక్కడే ఉండమన్నాడు. మా మరిది నడుముకు తాడు కట్టుకొని దిగాడు. నేను డబ్బా మీద కూర్చున్నాను.

లోపల తాడు మోటారు గొలుసుకు చుట్టుకుందట. ఒక్క నిమిషమే కదా అని మా మరిది నడుము దగ్గర విప్పి, గొలుసు వదిలించబోయాడు. మోటారు కదిలింది. దాని కింద ఎన్నాళ్ళనుంచో పేరుకున్న బురద కదిలింది. ఇదంతా తర్వాత అతను చెప్పింది. నాకు తెలిసింది ఒకటే. ఉండావా అన్నాను, ఉండా వదినా అన్నాడు. మళ్ళీ ఉండావా అన్నాను, జవాబు లేదు. లాగండి అని అరిచాను. మిగతా ఇద్దరూ నేనూ కలిసి తాడు లాగాం. తాడు తేలిగ్గా వచ్చేసింది. ఆ తేలిక ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది.

మా ఆయన ఫ్యాను దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి లోపలికి చూశాడు. తాడు కొస చేతిలోకి తీసుకున్నాడు. రొమ్ము పైకి లేచింది. ఆ లేవడం నాకు తెలుసు. వాళ్ళ ఊళ్ళో సరస్సు సముద్రంలో కలిసే చోట వల అడుగున చిక్కుకుంటే విడిపించడానికి ఆయన్నే పిలిచేవారు. ఊరి మొత్తానికి పెద్ద గుక్క ఆయనది. పెళ్ళయిన కొత్తలో నాకు చూపించడానికి మునిగి, ఎంతకూ తేలకపోతే నేను ఒడ్డున కూర్చొని ఏడ్చాను.

"దిగబాక!" అని అరిచాను. నా వైపు చూశాడు. చూసింది నన్ను కాదని అనుకుంటాను. దిగిపోయాడు.

చెప్పిందంతా ఆయనే. నీళ్ళు కాదని, గుక్క పనికిరాదని, దూకకూడదని, అన్నీ ఆయనే. అందరికీ చెప్పి తను దూకాడు. తమ్ముడు లోపల పడి ఉంటే ఆ ఊరి మనిషి ఇంకేం చేస్తాడు?

కొంతసేపటికి తాడు అటూ ఇటూ కుదిపినట్టు కదిలింది. మిగతా ఇద్దరూ లాగారు. ఈసారి బరువుంది. మా మరిది వచ్చాడు, చంకల కింద తాడు, రొమ్ము మీద ఆ వల ముడి. నోట్లోంచి నురగ. అతన్ని పక్కకు లాగుతూ ఉండగానే నేను సంపులోకి వంగి పిలిచాను. అది నా పని. ఉండావా అన్నాను.

"ఉండా" అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ తర్వాత అర్థమైంది. గుక్క పట్టిన మనిషి మాట్లాడాలంటే ఆ గుక్క వదలాలి. వదిలాక మళ్ళీ పీల్చాలి. మళ్ళీ పిలిచాను. ఎన్నిసార్లు పిలిచినా ఇంకేమీ రాలేదు.

తాడుకు ఉచ్చు వేసి లోపలికి వదిలాం, ఎవరూ పట్టుకోలేదు. ఆ ఇద్దరూ చొక్కాలు విప్పుతున్నారు. ఒకడి కాలు అప్పటికే లోపల ఉంది. నేను సంపు నోటికి అడ్డంగా పడిపోయాను. "దిగబాకండి రా! దిగితే నన్ను తొక్కి దిగండి!" అని అరిచాను. ఒకతన్ని చెంప మీద కొట్టాను. వాళ్ళు ఏడుస్తున్నారు, నన్ను తిడుతున్నారు, అన్న లోపలుంటే పట్టుకుంటావేంది వదినా అంటున్నారు. నేను లేవలేదు. నా మొహం కింద ఆ చీకటి ఉంది. అందులో నా మనిషి ఉన్నాడు. నేను పైన మనిషిని. ఫైర్ ఇంజన్ వాళ్ళు మాస్కులు పెట్టుకొని దిగేవరకూ అలాగే ఉన్నాను.

మా మరిది బతికాడు. ప్లాంటు సూపర్‌వైజరు అతన్ని మా ట్రాలీలోనే ఆస్పత్రికి తీసుకుపోయాడు. ట్రాలీ మూతి రోడ్డు వైపు ఉంది, గేటు తీసి ఉంది, ఆస్పత్రి ఏదో అందరికీ తెలుసు, ఎక్కడా ఆగలేదు. మా ఆయన పొద్దున్నే అడిగిన ప్రశ్నలన్నీ ఆ పూట పనికొచ్చాయి. ఆయనకే పనికిరాలేదు.

ఫైర్ ఆఫీసులో పెద్దాయన ఒకరు తర్వాత ఇంటికి వచ్చి, అమ్మా, అంత బరువెత్తినప్పుడే ఆయన గాలి పీల్చేసి ఉంటాడు, మీ పిలుపు వల్ల ఏమీ కాలేదు అన్నారు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. నేను ఆ మాటను ఎన్నోసార్లు పట్టుకొని నిలబడాలని చూశాను. నిలబడలేదు. ఆ రోజు నుంచి నేను ఎవరినీ పిలవలేదు. సంపు పని వస్తే పైన కూర్చోవడానికి ఇంకొకరిని పెట్టాను. ఇంట్లో కరెంటు పోతే చీకట్లో నోరు మూసుకొని పడుకున్నాను. ఫోను మోగితే హలో అనడం నేర్చుకున్నాను.

మా మరిది కోలుకొని పనిలోకి వచ్చాడు. వద్దనలేదు. వద్దంటే ఆయన ఎత్తి ఇచ్చిన మనిషిని నేను తోసేసినట్టవుతుంది. అలాగని మొహం చూసి మాట్లాడలేకపోయాను. అతనికి చెప్పాల్సింది ఉంటే పక్కవాడికి చెప్పేదాన్ని, అతను పక్కనే నిలబడి వినేవాడు. అన్నం గిన్నె అతని ముందు పెట్టి నా పాటికి నేను పోయేదాన్ని. అతని వాగుడు ఆగిపోయింది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే అతను "ఉండా" అనేవాడు, వాళ్ళ ఊరి అలవాటు. ఆ మాట వినపడితే నాకు లోపల భగ్గుమనేది. ఆ మాట అనాల్సిన గొంతు అది కాదు. అంత పచ్చిగా అనుకునేదాన్ని, ఇప్పుడు చెప్పడానికి దాచేదేముంది. మా ఆయన మీద కూడా అంతే కోపం. ఫొటో తుడుస్తూ తిట్టేదాన్ని, పద్ధతి పెట్టింది నువ్వు, తప్పింది నువ్వు, కూర్చోబెట్టింది నన్ను అని. తిట్టినంతసేపూ బాగానే ఉండేది. తిట్టడం అయిపోయాక ఇల్లు ఖాళీగా ఉండేది.

వార్డెనమ్మ ఫోను తర్వాత ఇంకో వారం సాగదీశాను. పీలిక విప్పాలంటే ముందు పిలవాలి. పీలిక విప్పితే ఆయన మూసి పెట్టిన పని ఇంకెక్కడా మిగలదు. ఈ రెండూ కలిసి నా కాళ్ళకు అడ్డం పడ్డాయి. చివరికి ఒక పొద్దున ఆ పిల్లలు గుర్తొచ్చి సిగ్గనిపించింది. ట్రాలీ ఎక్కి కూర్చొని పదండి అన్నాను. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

డాబా మీద పిల్లలు బట్టలు ఆరేస్తున్నారు. ఎర్ర పీలిక ఎండకు వెలిసిపోయి, ఉల్లిపాయ పొర రంగుకు వచ్చింది. ముడి మాత్రం నిన్న కట్టినట్టుంది. దాని మీద వేలు పెట్టాను. ఆయన చేతులు చివరగా పట్టుకున్న వస్తువులు ఇంట్లో చాలా ఉన్నాయి. కానీ వాటిని నేను అప్పటికే తుడిచాను, కడిగాను, సర్దాను. ఇది ఒక్కటే ఆయన వదిలినట్టే ఉంది. నా పక్కన కూర్చొని ముడి వేస్తున్నట్టే ఉంది. అంత దగ్గరగా వచ్చిన మనిషి అక్కడ లేకపోవడం నాకు ఓర్చుకోలేనంత కష్టమైంది.

కింద స్నానాల గదుల్లో కుళాయిలు చూసి రావడానికి మా మరిది దిగాడు. మిగతా ఇద్దరూ మెట్ల దగ్గర ఉన్నారు. పైపులు దిగే సందులోంచి కిందికి వంగాను. దగ్గాను. తర్వాత పిలిచాను.

"ఉండావా?"

బట్టలు ఆరేసే పిల్లలు నా వైపు తిరిగారు. కింద కుళాయిలు తిప్పుతున్న చప్పుడు ఆగింది. తర్వాత ఆ సందు గోడలకు తగిలి, లావుగా, మెల్లగా గొంతు పైకి వచ్చింది.

"ఉండా వదినా."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నేను పిలిచింది నిన్ను కాదు!" అని అరిచాను. నెలల తర్వాత అతనితో నేరుగా అన్న మొదటి మాట అది.

అతను వెళ్ళిపోయాడేమో అనుకున్నాను.

"తెలుసు వదినా. అయినా నేను ఉండా."

సంపు దగ్గర ఏడవలేదు, ఇంటికి తెచ్చినప్పుడు ఏడవలేదు, నలుగురూ వచ్చి ఏడవమ్మా అన్నా ఏడవలేదు. ఆ డాబా మీద, ముక్కూ మొహం తెలియని పిల్లల ముందు, వాల్వు పట్టుకొని ఏడ్చాను. ఒక పిల్ల వచ్చి తువ్వాలు ఇచ్చింది.

తర్వాత ముడి పట్టుకొని లాగాను. బిగుసుకుంది. ఇంకా లాగాను, ఇంకా బిగుసుకుంది. గోరు విరిగింది. మా మరిదిని పైకి రమ్మన్నాను. వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు గాని చెయ్యి చాచలేదు.

"నువ్వే విప్పు వదినా. అన్న నీకే చెప్పినాడు గదా. ఎట్టనో నేను చెప్తా. ఆ కొస లాగబాక. ఎనక్కి నెట్టు. ఊరికే నెట్టు చాలు."

నెట్టాను. జారిపోయింది. అంత సులువుగా జారిపోయినందుకు కూడా నాకు కోపం వచ్చింది. పీలిక మడిచి బొడ్లో దోపుకున్నాను.

"ఇంక తిప్పు వదినా."

"ఎట్ట తిప్పేది? నువ్వు పైనే ఉండావు గదా. కిందికి పో. మళ్ళీ పిలవాల."

అతను లేచి మెట్లు దిగాడు. దిగుతూ చేత్తో మొహం తుడుచుకోవడం చూశాను. నేను మళ్ళీ వంగి పిలిచాను. ఉండా వదినా అన్నాడు, ఈసారి గట్టిగా. వాల్వు తిప్పాను. నీళ్ళు పైపులో గడగడమంటూ పరుగెత్తి ట్యాంకులో పడ్డాయి. కింద పిల్లలెవరో చప్పట్లు కొట్టారు.

రేపటికల్లా నీళ్ళు కాగుతాయని వార్డెనమ్మకు చెప్పమని ఆ ఇద్దరినీ పంపించాను. పనిముట్లు సర్ది ట్రాలీలో పెట్టమన్నాను. పిల్లలు కూడా దిగిపోయి డాబా మీద ఎవరూ లేనప్పుడు, ట్యాంకు నిండే చప్పుడు వింటూ, మూడోసారి కూడా పిలిచాను. చాలా మెల్లగా, కిందికి వినపడకుండా. జవాబు కోసం ట్యాంకు నిండేదాకా కూర్చున్నాను. తర్వాత మెట్లు దిగి వెళ్ళాను.